నాలుగు సెకన్ల ఎద్దు

హనుమకొండలో ఎగ్జిబిషన్. యంత్రపు ఎద్దు ఎక్కుతానని మా అమ్మాయి పట్టు. టికెట్ నూట యాభై. సరే, కొన్నాం. ముప్పావు గంట వరసలో నిలబడ్డాం. వరస అంటే వరసేనా అది? మిరపకాయ బజ్జీలు తింటూ పక్కనుంచి దూరేవాళ్లే సగం మంది. "మావాడు ముందే ఉన్నాడండీ" అంటూ ఒక కుటుంబం మొత్తం దిగింది!

వేయిస్తంభాల గుడిలో నిగనిగలాడే నల్లరాతి నంది ఉన్న ఊరు మనది. ఈ ఎద్దుకేమో ఒక కొమ్ము విరిగితే ప్లాస్టరు చుట్టారు.

అమ్మాయి ఎక్కింది. ఒక చేత్తో తాడు పట్టుకుని రెండోది పైకి లేపిందో లేదో, మోటారు గర్రుమంది. రెండు తిప్పులు, ఒక ఎత్తు, గాలి పరుపు మీద బోర్లా. లెక్కపెట్టాను, నాలుగు సెకన్లు! అమెరికాలో రోడియో అనే స్వారీ పోటీల్లో నిజమైన ఎద్దు మీద ఒంటి చేత్తో ఎనిమిది సెకన్లు నిలిస్తేనే మార్కులు. ఆ పోటీల సాధనకు వాడే యంత్రమిది. వేగం పెంచాలన్నా తగ్గించాలన్నా నడిపేవాడి చేతిలోనే ఉంటుంది. ఆ చేతిలో ఇక్కడ ఫోను ఉంది! తొమ్మిదేళ్ల పిల్లకూ తొంభై కిలోల మనిషికీ ఒకటే వేగమా?

"పిల్లలకు మెల్లగా తిప్పకూడదా బాబూ?"

"వెనక జనం ఉన్నారు సార్."

పరుపు ఒక మూల గాలి దిగిపోయి, పిల్ల మోకాలు నేలకే తగిలింది. బోర్డు చూపించాడు: 'గాయాలకు మేము బాధ్యులం కాము'. మరి దేనికి బాధ్యులు? టికెట్లు చించడానికా?

బయటికొచ్చి చూస్తే, విప్పిన చెప్పుల్లో ఒకటే ఉంది.