ఇచ్ఛాపురమా, పర్లాకిమిడా?

ఒడిశా బరంపురంలో మాది రైలుపెట్టె లాంటి ఇల్లు. వీధి వైపు గదిలో నాన్న గుంట మగ్గం, దాని వెనక అన్నయ్యవాళ్ల గది, ఆ వెనక వంటిల్లు, మేడమీద రేకుల గదిలో నేను. వెడల్పు తొమ్మిదడుగులు. అందులో ఆరుగురం. పాప ఎనిమిదో తరగతి పరీక్షలకి వంటింట్లో గ్యాస్ బండ మీద పుస్తకం పెట్టుకుని చదివింది. ఆ రోజున అన్నయ్యా వదినా కూడబలుక్కున్నట్టు "ఇల్లు మారాల్సిందే" అన్నారు. ఇద్దరూ ఒక్కమాట మీద నిలబడింది అంతవరకే. అన్నయ్య సరిహద్దుకి అవతల ఆంధ్రలోని ఇచ్ఛాపురం అంటాడు. వదిన ఒడిశాలోనే ఉన్న తన పుట్టిల్లు పర్లాకిమిడి అంటుంది.

మొన్న ఆదివారం రాత్రి కరెంటు పోయి అందరం మేడెక్కినప్పుడు జరిగిన వాదన ఇది. నేను ప్రేక్షకుణ్ని. మధ్యమధ్య సాక్షిగా కూడా లాగారు.

అన్నయ్య: ఇక్కణ్నుంచి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. రైలైతే సీజన్ టికెట్టు, బండైతే హైవే. కొట్లో నా లెక్కల పని మానక్కర్లేదు. ఐదు సెంట్ల స్థలం, నాలుగు గదులు, పెరట్లో బావి, రెండు కొబ్బరిచెట్లు. ఆ డబ్బుకి బరంపురంలో ఐదు డిసిమిళ్లు ఎవడిస్తాడు?

వదిన: సెంటన్నా డిసిమిలన్నా ఒకటేనండీ, 435 చదరపు అడుగుల చిల్లర. సరిహద్దు దాటితే పేరు మారుతుంది గాని జానెడు పెరగదు. ఆ బావి సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి, తర్వాత అడుగుతాను.

అన్నయ్య: ముందు పాప సంగతి విను. జూన్‌లో అక్కడ తొమ్మిదిలో చేర్పిస్తే, ఇంటర్ రెండో ఏడాది అయ్యేసరికి వరసగా నాలుగేళ్లు ఆంధ్రలో చదివినట్టు. అప్పుడు లోకల్ అవుతుంది. అక్కడ కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. ఈ జూన్ దాటితే ఆ నాలుగేళ్ల లెక్క కుదరదు. అందుకే తొందరపడుతున్నాను.

(ఇది అన్నయ్య దాచుకున్న ముక్క. రాజ్యాంగం 371డి కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు గురించి కొట్లో ఎవరో చెప్పినప్పటి నుంచి వాడు మాట్లాడే తీరే మారిపోయింది.)

వదిన: పాప ఇప్పుడు ఎక్కడి లోకల్?

అన్నయ్య: ఒడిశా.

వదిన: అంటే చేతిలో ఉన్నదాన్ని వదిలేసి, నాలుగేళ్లు ఇటూ అటూ కాకుండా వేలాడి, మళ్లీ అదే సంపాదించుకోవాలన్నమాట. రెండేళ్లకి మీకు అక్కడ నచ్చక "పద, బరంపురం పోదాం" అన్నారనుకోండి, పిల్ల ఎక్కడిది? ఇంకొకటి. అది ఒకటో తరగతి నుంచి ఒడియా చదువుకుంది. తెలుగు మాట్లాడుతుంది, అక్షరం రాయలేదు. అక్కడ పదోతరగతిలో తెలుగు పరీక్ష తప్పదు. తొమ్మిదిలోకి వెళ్లి "అ ఆ"లు దిద్దమంటారా? దానికి ఎంత టెన్షనో ఆలోచించారా?

అన్నయ్య: మా తమ్ముడు నేర్చుకోలేదా? వీడూ ఒడియా బళ్లోనే చదివాడు. ఇరవయ్యేళ్లకి తెలుగు రాయడం నేర్చాడు. ఇప్పుడు పత్రికలకి ఉత్తరాలు రాసి పారేస్తున్నాడు.

వదిన: మరిదిగారికి మార్కులెవరైనా వేశారా? తీరిగ్గా సినిమా పోస్టర్లు చూసి నేర్చుకున్నారు. ఇప్పటికీ ఒత్తులు నేనే దిద్దుతున్నాను.

(నిజమే. ఈ పేజీలో ఒత్తులు కూడా ఆవిడే చూసింది.)

అన్నయ్య: బాబు నాలుగో తరగతే కదా, వాడికి పట్టుబడుతుంది. అసలు మన భాష మన పిల్లలకి రాకపోవడం ఏమిటి? 1936లో ఎవరో గీత గీశారు, మనం ఇటు పడ్డాం, ఇచ్ఛాపురం అటు పడింది. అంతకుముందు అంతా ఒకే గంజాం జిల్లా, అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. పాతిక కిలోమీటర్లు వెనక్కి జరుగుదామంటున్నాను, అంతేగా.

వదిన: గీత గీసిన రోజున మీరు ఇంకా పుట్టలేదు, దాని మీద మీకంత కోపమెందుకు? తెలుగు కావాలంటే మా పర్లాకిమిడికే రండి. అదీ సరిహద్దే. సైకిలెక్కితే పాతపట్నం. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే పాఠాలు చెప్పారు. సవరల భాషకి వ్యాకరణం, నిఘంటువు అక్కడే కట్టారు. జనం మాట్లాడే తెలుగే రాయాలని పోట్లాడిందీ ఆ ఊళ్లో ఉంటూనే.

అన్నయ్య (లేచి నిలబడి): అదీ మాట! ఆ పంతులుగారే 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడబోతోందని తెలిసి, ఇక అక్కడ ఉండనని మీ ఊరు వదిలి ఆంధ్రలోకి వెళ్లిపోయారు. ఎక్కడికి? రాజమండ్రి! నేనూ ఆయన దారే పడతానంటున్నాను.

(ఇక్కడ నేను చప్పట్లు కొట్టాను. వదిన చూసిన చూపుకి ఆపేశాను.)

వదిన: ఆయనకి అప్పటికి డెబ్భై దాటాయి. వెళ్లింది కొడుకింటికి. బ్యాంకు లోను లేదు, తొమ్మిదో తరగతి ఆడపిల్ల లేదు. మీకు డెబ్భై వచ్చాక మీరూ వెళ్లండి, నేను ఆపను. ఇప్పుడు ఆ బావి సంగతి చెప్పండి.

(అన్నయ్య మళ్లీ కూర్చున్నాడు.)

వదిన: ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఏడు మండలాల ఉద్దానం, కిడ్నీ జబ్బుల సీమ. మా పిన్నత్తగారిది కవిటి వైపే. వాళ్లింట్లో ఇద్దరు డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు. ఒకాయన పోయాడు. సారా తాగలేదు, సిగరెట్టు కాల్చలేదు, కొబ్బరితోటలో పనిచేసుకునేవాడు. ఎందుకొస్తోందో డాక్టర్లే ఇదీ అని తేల్చలేకపోయారు. నీళ్లని కొందరు, ఎండలో చాకిరీ అని కొందరు. ఏదీ తేలని చోట పిల్లలకి ఆ బావినీళ్లు తాగించమంటారా?

అన్నయ్య: ఊళ్లో అందరికీ వస్తుందా ఏమిటి? ఇప్పుడు హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో మంచినీళ్లు ఇస్తున్నారు. 2023 డిసెంబరులో ప్రారంభమైంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా అప్పుడే పెట్టారు.

వదిన: ఆసుపత్రి పెట్టారని ఆ ఊరు వెళ్దామనే మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను.

(దీనికి అన్నయ్య దగ్గర జవాబు లేదు. నిజానికి ఎవరి దగ్గరా ఉండదు. పైపునీళ్లు ఇప్పుడొచ్చినా, ఎన్నో ఏళ్లుగా ఒంట్లో ఇంకినదాన్ని ఎవరు కడుగుతారు? అలాగని అక్కడి లక్షలమంది ఊళ్లు వదిలిపోవాలనడమూ నాకు మింగుడుపడదు. కొబ్బరిచెట్టుని భుజాన వేసుకుని ఎవరూ వలసపోలేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లనే పడగొట్టినా, జనం అక్కడే మళ్లీ మొక్కలు నాటుకున్నారు.)

అన్నయ్య: తుపాను భయం కూడా ఉందనకు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పుడు ఈ మేడమీద రేకులు ఎక్కడ దొరికాయో తమ్ముణ్ని అడుగు.

వదిన: నేననలేదుగా. తుపానుకి ఆధార్ కార్డులో అడ్రసు అక్కర్లేదు.

అన్నయ్య: కార్డులంటే గుర్తొచ్చింది. నాన్న సంగతి. నేతగాళ్లకి అక్కడ యాభై నిండితే చాలు, నెలకి 4,000 పింఛను. నాన్నకి అరవై ఎనిమిది. ఇక్కడొచ్చే మధుబాబు పింఛను ఆయన మోకాళ్ల మందులకే చాలదు. బరంపురం పట్టుకి జీఐ గుర్తింపు వచ్చింది, ఆయనకి నడుంనొప్పి వచ్చింది.

వదిన: పింఛను బరంపురంలో కాగితం రాసిస్తే ఇచ్ఛాపురంలో ఇచ్చేస్తారా? ముందు ఇక్కడి రేషన్ కార్డులోంచి పేరు తీయించాలి. ఆధార్‌లో అడ్రసు మార్చాలి. అక్కడ కొత్త కార్డు రావాలి, తర్వాత దరఖాస్తు, తర్వాత విచారణ. ఇక్కడిది ఆగి, అక్కడిది రాని నెలలు ఎన్నో మీరే లెక్కకట్టండి, లెక్కల గుమాస్తా మీరేగా. సరే, ఇదంతా ఎందుకు, మామయ్యగారిని అడిగారా? ఆ మగ్గం వదిలి వస్తారా?

అన్నయ్య: అక్కడ గుంట తవ్విస్తాను. నాలుగు గదులున్నాయిగా.

వదిన: మగ్గానికి గుంటొక్కటే చాలదు. పోగులు అద్దకం వేసేవాళ్లు, పడుగు పట్టేవాళ్లు, చీర తీసుకునే మహాజను, అందరూ ఈ రెండు వీధుల్లో ఉన్నారు. రెండేళ్లకోసారి ఠకురాణి అమ్మవారి యాత్ర వస్తే నేతగాళ్ల కులపెద్ద దేశిబెహరా ఇంటి ముందు ఆయన నిలబడే చోటు ఒకటుంది. ఇచ్ఛాపురంలో నాలుగు గదులుంటాయి, నాలుగు నెలల్లో ఆయన మంచమెక్కుతారు.

(కింద గదిలో నాన్న దగ్గారు. మేలుకునే ఉన్నారని మా ముగ్గురికీ తెలిసింది. ఆ తర్వాత కాసేపు గొంతులు తగ్గాయి.)

అన్నయ్య: మరి పర్లాకిమిడి వస్తే నాన్న మగ్గం నీ వెంట నడిచొస్తుందా? నీ వాదన నిన్నే కొరుకుతోంది చూడు. పైగా అక్కణ్నుంచి రోజూ కొట్టుకి ఎలా రాను?

వదిన: శనివారం వచ్చి సోమవారం వెళ్లండి.

అన్నయ్య: సంసారమా, సంతా?

(నాకు నవ్వాగలేదు. వదినకి కూడా.)

అన్నయ్య: మీ అన్నయ్య చూపించిన స్థలం గుమ్మ వైపుది. అది షెడ్యూల్డ్ ఏరియా. 1956 రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమి మనలాంటివాళ్లు కొనకూడదు, కొన్నా చెల్లదు. చెల్లినా మనకి వద్దు, అది వాళ్ల బతుకు. ఇక మిగిలింది మీ పెంకుటిల్లు. దానికి ముగ్గురు వాటాదార్లు. ఒకాయన సూరత్‌లో ఉన్నాడు, ఫోనెత్తడు. ఆ ఇంట్లో మేకు కొట్టాలన్నా ముగ్గురి సంతకాలు కావాలి.

వదిన: ...

(ఆమె చాలాసేపు మాట్లాడలేదు. నా లెక్కలో పర్లాకిమిడి అక్కడితో ఓడిపోయింది. ఇల్లు విశాలమే, పెరట్లో పనసచెట్టు, వాళ్లమ్మ నీళ్లు పోసిన తులసికోట. ఆ ఇల్లు కావాలని ఆమె ఎందుకు అడుగుతోందో అన్నయ్యకీ తెలుసు. అందుకే గెలిచి కూడా నేల చూస్తున్నాడు.)

వదిన: సరే. పర్లాకిమిడి వదిలేద్దాం. మీ ఐదు సెంట్లకి ఏ పట్టా?

అన్నయ్య: పట్టా ఉంది. చూపించాడు.

వదిన: ఏ పట్టా అని అడిగాను. మా పాతపట్నం బావగారు ఇలాగే కొన్నారు. తర్వాత చూస్తే అది డీ-పట్టా. ప్రభుత్వం పేదవాళ్లకిచ్చిన భూమి, అమ్ముకోవడానికి ఆంక్షలున్నది. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్తే ఆ సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల్లో ఉందన్నారు. డబ్బిచ్చిన మనిషి ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. మనం ఇక్కడైతే పట్టా తెరవగానే కిసం, అంటే భూమి రకం చూస్తాం. ఇంటిస్థలం ఘరబారీయా, పొలమా అని. పొలమైతే భూసంస్కరణల చట్టం 8ఏ కింద మార్పించాకే ఇల్లు. ఇవన్నీ మనకి తెలుసు. అటువైపు ఏ కాగితం అడగాలో కూడా మీకు తెలియదు.

అన్నయ్య: పాత లావాదేవీలు తెలిసేలా ఈసీ తీస్తాను. 22ఏ కూడా చూస్తాను.

వదిన: అడ్వాన్సు ఇచ్చాక చూస్తారా, ఇవ్వకముందా?

(అన్నయ్య జవాబు చెప్పలేదు. ఫోను తీశాడు. దాని వెలుగులో మొహం చూస్తే అడ్వాన్సు ఎంతోకొంత అప్పటికే ఇచ్చేశాడని నాకనిపించింది. వదినకి అనిపించదా?)

అన్నయ్య: సర్వే నంబరు కొట్టమంటోంది. వాడు పంపిన ఫొటోలో నంబరు మీద వేలు పడింది.

వదిన: ఎవరి వేలు?

అన్నయ్య: వాడిదే.

ఇంతలో కరెంటొచ్చింది. పిల్లలు కిందికి పరిగెత్తారు. అన్నయ్య ఆ మనిషికి ఫోన్ చేస్తూ పిట్టగోడ వారకి వెళ్లాడు. అవతల ఎత్తడం లేదు.

వదిన కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తెచ్చింది. జాకెట్లు కొలిచే టేపు, అరవై అంగుళాలది. నా గది గుమ్మంలో నిలబడి రేకుల వైపు చూసింది.

"మరిదిగారూ, ఇక్కడ రేకులు తీసి స్లాబు వేస్తే పాపకి ఒక గది, మీకు ఒక గది పడతాయంటారా?"

"నాకూ పడుతుందంటారా వదినా?"

"కొలిస్తేగా తెలిసేది" అంటూ టేపు కొస నా చేతికిచ్చింది. నేను గోడ మూలకి పట్టుకున్నాను. అరవై అంగుళాలు అయిపోగానే సుద్దముక్కతో నేల మీద గీత గీసి, అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టింది.