సవరణ: కర్ణభేరికి చిల్లు పడితే ఏ చుక్కలు పడితే అవి వేయొద్దు

టపాసుల మోతకు చెవులు గింగుర్లెత్తినవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, కర్ణభేరి చిరిగితే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ చుక్కలు కొని వేసుకోవచ్చని రాశాం. అది మా తప్పు. ఈఎన్‌టీ డాక్టర్లు పాటించే చికిత్సా సూచనలు చూసి సరిచేస్తున్నాం.

జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు చిల్లులోంచి దిగి లోపలి చెవికి చేరితే వినికిడి కణాలు దెబ్బతినొచ్చు; అవి మళ్లీ పుట్టవు. చీము కారుతుంటే సాధారణంగా ఆఫ్లాక్సాసిన్ లేదా సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు రాస్తారు, అదీ చెవి చూశాకే. పొడిగా ఉన్న చిల్లుకు మామూలుగా చుక్కలే అక్కర్లేదు. కాచిన నూనె సంగతి సరేసరి, అసలు వద్దు.

తలస్నానం చేసేటప్పుడు దూదికి వ్యాసలీన్ పట్టించి చెవి గుంట బయటే ఆనించాలి, లోపలికి కుక్కకూడదు. ముక్కు గట్టిగా చీదొద్దు. చాలావరకు చిల్లు కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుంది. 3 నెలలైనా పూడకపోతే ఆపరేషన్ మాట.

"నొప్పి పోయింది, నయమైనట్టేగా?" అని కొందరు అడిగారు. కాదు. లోపల చీము పట్టిన చెవిలో కర్ణభేరి పొర చిరగ్గానే ఒత్తిడి తగ్గి, నొప్పి ఠక్కున ఆగుతుంది. కళ్లు తిరిగినా, మూతి వంకర పోయినా ఆ రోజే హైదరాబాద్‌ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికో, దగ్గర్లోని డాక్టరు దగ్గరికో వెళ్లండి.