మార్కులు వేసే చేత్తోనే సర్వే ఫారమా?
కాలేజీల్లో మామూలు సర్వేలకు కూడా ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ) అనుమతి అడగడం వట్టి కాలయాపన అన్నారు ఒక వ్యాసకర్త. ఫైలు కదలదన్నది నిజమే. కానీ లెక్చరరే ఫారాలు పంచి, "ఇష్టముంటేనే నింపండి" అంటూ పక్కనే నిలబడితే, ఇంటర్నల్ మార్కుల టెన్షన్‌లో ఉన్న పిల్లలు వద్దనగలరా? పైగా పేరు అక్కర్లేదంటూనే రోల్ నంబరు అడుగుతారు! అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా సాగిన పరిశోధనలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి రోగులకు అసలు సంగతి చెప్పలేదు, దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. ఆ గొడవ బయటపడ్డాకే మనుషులపై చేసే పరిశోధనల్లో వాళ్ల రక్షణ కోసం అక్కడ 1974లో చట్టం వచ్చింది. చిన్న సర్వేలైతే కమిటీలో ఒక్క సభ్యుడు చూసి త్వరగా తేల్చేస్తే చాలు. ఫారాలు పంచే పని మాత్రం ఆ క్లాసుకు పాఠం చెప్పని వాళ్లకు అప్పగించాలి.