చిట్టా రాయనివాడే ఫాస్టు

మా ఆఫీసు స్లైడులో రెండే పట్టీలు, రెండు డేటాబేసుల వేగానికి. ఎడమవైపు డేటాను ర్యామ్‌లో పెట్టుకునే రెడిస్, తెర పైఅంచును గుద్దుకుంటోంది. కుడివైపు డిస్కులో రాసుకునే పోస్ట్‌గ్రెస్, అరిగిపోయిన సుద్దముక్కంత. కింద ఎర్రగా ‘వంద రెట్లు’. కన్సల్టెంటు గారు చప్పట్ల కోసం ఆగారు. కొట్టాం. సమోసాలు వచ్చాయి మరి.

“షేర్డ్ బఫర్స్, అదే పోస్ట్‌గ్రెస్ డేటా ఉంచుకునే ర్యామ్ వాటా, ఎంత పెట్టారండీ?” అన్నాను. డిఫాల్టేనట. అంటే 128 ఎంబీ, 64 జీబీ ర్యామున్న మెషిన్లో! “పోస్ట్‌గ్రెస్ మార్పును ఖాయం చేసే ప్రతి కమిట్‌నీ డిస్కులో దించాకే ఓకే అంటుంది. మరి రెడిస్‌లో ఏఓఎఫ్, అంటే ప్రతి మార్పునూ డిస్కు ఫైల్లో రాసుకునే పద్ధతి, ఆన్ చేశారా?” “అబ్బే, స్లో అయిపోతుందండీ” అన్నారు, పసిపిల్లాడికి చెప్పినట్టు.

అంటే ఇద్దరు గుమాస్తాలకు పందెం పెట్టారన్నమాట. ఒకాయన ప్రతి బేరమూ చిట్టాకెక్కించి, సిరా ఆరాకే తర్వాతి మనిషిని పిలుస్తాడు. రెండో ఆయన కలం ముట్టడు, “గుర్తుంటుందిలే” అంటాడు. సాయంత్రానికి రెండో ఆయనదే గెలుపు. శాలువా కప్పారు, ఫొటో దిగారు, ఆవర్జా తెమ్మన్నారు. “మధ్యాహ్నం కునుకు పట్టిందండీ, లేచేసరికి ఏమీ గుర్తులేదు” అన్నాడు.

ర్యామ్ వేగాన్ని ఎవరు కాదన్నారు? అక్కడ 100 నానోసెకన్ల పని, పాత హార్డ్ డిస్కులో పళ్ళెం ఒక్క చుట్టు తిరిగేసరికే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. లాగిన్ సెషన్లు, ఆటల లీడర్‌బోర్డులు రెడిస్‌లో పెట్టుకోండి, ఎవరూ అడ్డుపడరు. ఆమాటకొస్తే, తరచూ చదివే డేటాను పోస్ట్‌గ్రెస్ కూడా ర్యామ్‌లోంచే ఇస్తుంది. అది స్లైడులో పట్టలేదు.

మావాళ్ళు రెడిస్‌లో పేమెంట్లు పెట్టారు. రాత్రి రెండింటికి మెషిన్ పడిపోయింది. ఆఖరి స్నాప్‌షాట్, అంటే అది అప్పుడప్పుడూ డిస్కులో దించే నకలు, దాని తర్వాతి ఎంట్రీలన్నీ గాలికి పోయాయి. రెడిస్‌ని అని లాభం లేదు, ఇలా అవుతుందని దాని మాన్యువల్లోనే ఉంది. చదవాలిగా! జనం ఖాతాల్లో డబ్బు కట్టయింది, మా దగ్గర ఆర్డరే లేదు. బ్యాంకు ఫైలు పక్కన పెట్టుకుని తెల్లారేదాకా ఒక్కో లైనూ కలిపిందెవరు? ఆర్నెల్ల క్రితం చేరిన సపోర్టు అమ్మాయి. “మందుల డబ్బులమ్మా అవి” అని ఓ పెద్దాయన ఫోన్లో ఏడుస్తుంటే సారీ చెప్పిందీ ఆ పిల్లే. సిగ్గులేదూ? ఆ రాత్రికి కూడా ఒక పట్టీ గీయండి, ఎంత పొడుగొస్తుందో చూద్దాం.

తర్వాతి మీటింగుకీ ఆయనే వచ్చారు. ఈసారి ఏఓఎఫ్‌ని ‘ఆల్వేస్’లో పెట్టి, రాసిన ప్రతిదీ డిస్కుకి చేరాకే కొలిచారు. పొడుగు పట్టీ బాగా పొట్టిదైంది. ఆ రోజు సమోసాలు రాలేదు.