మేస్త్రి రాడు, కోతులు మాత్రం వస్తాయి

వంటింట్లో సరిగ్గా పొయ్యి పక్కనే స్లాబు కారుతోంది. కింద సత్తు గిన్నె పెట్టాం. రాత్రంతా టప్, టప్. మే నెల నుంచి మేస్త్రికి ఫోన్ చేస్తూనే ఉన్నా. "రేపొద్దున్నే వచ్చేస్తా సార్" అంటాడు. ఆ రేపు జూలైలో వచ్చింది. నిన్న తీరిగ్గా పైకెక్కి చూసి, "తడి స్లాబు మీద కోటింగ్ పట్టదు సార్, వానలు తగ్గాక చూద్దాం" అన్నాడు. మరి ఎండల్లో ఏం చేశావయ్యా?

పోతూ పోతూ తప్పంతా మా ఆవిడ వంగమొక్కల మీదకి తోశాడు. కుండీల కింద నీళ్లు నిలిచి స్లాబు చెమ్మ పట్టిందట. అందులో నిజం లేకపోలేదు (ఆవిడ ముందు అనకండి), అన్నీ నేలకి ఆనించే పెట్టాం. ఇప్పుడు 20 కుండీలూ ఇటుకల మీదకి ఎక్కించే పని నాది.

పోనీ ఆ వంకాయలైనా తిన్నామా? మూడంటే మూడు కాశాయి. ఒకదాంట్లో పురుగు. ఇంకోటి కోతి కొరికి, నచ్చక, పిట్టగోడ మీద పెట్టి పోయింది. మిగిలినదాంతో గుత్తివంకాయ చేస్తానంటోంది మా ఆవిడ. ఒక్క కాయకి గుత్తేమిటో! అడుగుదామనుకునేలోపే కేక: "ఏవండీ, గిన్నె నిండింది!"