ఛెత్రికి అడ్డం క్రికెట్ కాదు
దేశం తరఫున 90కి పైగా గోల్స్ కొట్టినా ఫుట్‌బాల్ ఆటగాడు సునీల్ ఛెత్రికి తగ్గ పేరు రాలేదు, కారణం క్రికెట్టే అని కొందరు రాసిన్రు. నేనొప్పుకోను. మా నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌ల పొద్దుగాల ఫుట్‌బాల్ ఆడే పోరగాళ్ల వీపులు చూడుండ్రి, రొనాల్డో 7, మెస్సీ 10. ఛెత్రి 11 నంబరు జెర్సీ భూతద్దం పెట్టి ఎతికినా దొరకదు. వీళ్లేమన్న క్రికెట్ పిచ్చోళ్లా? అర్ధరాత్రి దాకా మేల్కొని యూరప్ క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ చూసేటోళ్లు! సాయంత్రం వచ్చే మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ మాత్రం పెట్టరు. 2022ల హైదరాబాద్ జట్టు ఆ లీగ్ కప్పు కొట్టిన సంగతే సగం మందికి తెల్వదు. ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాద్‌లనే అంటే నమ్మలె, నవ్విన్రు. 2018ల ముంబైల హ్యాట్రిక్ కొట్టిన మ్యాచ్‌ల కూడా ఎక్కువ ఖాళీ కుర్చీలే ఉంటే, తిట్టనీకైనా స్టేడియంకు రండని వీడియోల బతిమాలిండు గదా. అందుల ఆయన యూరప్ క్లబ్బుల అభిమానుల్ని గూడ పేరుపెట్టి పిలిచిండు.