పొలానికి కౌలుంది, మరి యంత్రానికి?

కోతల కాలంలో పంజాబ్ నుంచి వచ్చిన హార్వెస్టర్ చేలో దిగితే దాని ఓనర్ ఎవరని ఏ రైతూ అడగడు. గంటకు ఎంత, మన చేను వంతు ఎప్పుడు, అంతే. ఇంటి స్లాబుకు సెంట్రింగ్ సామాను, పెళ్లికి షామియానా, బావి పూడిక తీయడానికి జేసీబీ... అన్నీ అద్దెకే తెచ్చుకుంటాం. కానీ పని తెలిసిన ఒక కుర్రాడు సొంతంగా చిన్న మెషిన్ షాపు పెట్టుకుంటానంటే మాత్రం ఇంట్లోవాళ్లయినా, బ్యాంకువాళ్లయినా ముందు అడిగేది ఒకటే: "ఏం తాకట్టు పెడతావ్?"

హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. డ్రాయింగ్ చూసి ప్రోగ్రాం రాసి, మైక్రాన్ల లెక్కన లోహాన్ని కోయగల పిల్లలు అక్కడి నుంచి ఏటా బయటికి వస్తున్నారు. చుట్టుపక్కలే షెడ్లు అద్దెకు దొరుకుతాయి. జాబ్ వర్క్, అంటే విడిభాగాలు చేసిపెట్టే పని, ఇచ్చే కంపెనీని కూడా వాళ్లే వెతుక్కోగలరు. మెషిన్ దగ్గరకొచ్చేసరికే అంతా ఆగిపోతుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేననను. తాకట్టు లేని రుణాలకు గ్యారంటీ ఇచ్చేందుకు 2000లోనే ఒక ట్రస్టు పెట్టారు. చిన్న యూనిట్లకు 10 లక్షల లోపు రుణాలకు తాకట్టు అడగొద్దని 2010లో ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. కానీ కంప్యూటర్ ప్రోగ్రాంతో లోహాన్ని కోసే కొత్త వీఎంసీ మెషిన్ ఒక్కటే ఆ మొత్తాన్ని దాటిపోతుంది. పై మొత్తాలకు గ్యారంటీ స్కీమ్ ఉన్నా, ఆ ఫైలు ముందుకు కదలాలంటే బ్రాంచి మేనేజర్‌కు ధైర్యం ఉండాలి. చివరికి మాట మళ్లీ "ఇల్లు ఎవరి పేరున ఉంది?" అన్న చోటికే వస్తుంది.

లీజు పనికొచ్చేది ఇక్కడే. మెషిన్ లీజు కంపెనీ పేరునే ఉంటుంది, మీరు నెలనెలా అద్దె కట్టి వాడుకుంటారు. కట్టలేకపోతే వాళ్లు పట్టుకెళ్లేది మెషిన్‌నే. అద్దెకు వేరే షూరిటీ రాయించుకోకపోతే, నాన్న కట్టిన ఇంటి జోలికి ఎవరూ రారు. అందుకే మంచి లీజు కంపెనీ చూసేది ఈ మెషిన్ రేపు అమ్మితే ఎంతొస్తుంది, దీని మీద నెలకు ఎన్ని గంటల పని దొరుకుతుంది అని. ఆస్తి లేకపోయినా పనితనం ఉన్నవాడికి దారి దొరికేది ఈ లెక్కలోనే.

ఖర్చు లెక్క కూడా వేసి చూద్దాం. 25 లక్షల మెషిన్ అనుకోండి, జీఎస్టీ పక్కన పెడదాం. బ్యాంకు రుణమైతే 5 లక్షలు మార్జిన్ మనీ మనం పెట్టాలి, మిగతా 20 లక్షలకు 11 శాతం వడ్డీతో ఐదేళ్లకు ఈఎంఐ సుమారు 43,500. అంతా కలిపితే 31 లక్షల పైచిలుకు. అదే మెషిన్ పైసా ముందు పెట్టకుండా నెలకు 55,000 చొప్పున ఐదేళ్ల లీజుకు తీసుకుని, చివర్లో రెండున్నర లక్షలు ఇచ్చి సొంతం చేసుకుంటే 35 లక్షల 50 వేలు. నాలుగు లక్షలకు పైనే తేడా. ఇది చిన్న మొత్తం కాదు. అయితే ఆ డబ్బుతో మనం కొనుక్కున్నదేమిటో కూడా చూడాలి. ఇల్లు తాకట్టుకు పోలేదు, చేతిలో 5 లక్షలు మిగిలాయి. ఆర్డర్ ఇచ్చినవాళ్ల నుంచి బిల్లు డబ్బు వచ్చేదాకా స్టీలు కొనడానికి, కూలీలకు ఇవ్వడానికి, కరెంటు బిల్లు కట్టడానికి అదే ఆధారం. మెషిన్ కొన్న ఆనందంలో చేతిలో ఉన్నదంతా అందులో పోసి, మెటీరియల్‌కు డబ్బు లేక వచ్చిన ఆర్డర్లను వదులుకున్న షెడ్లు మన పారిశ్రామికవాడల్లో తక్కువేం లేవు.

ఇందులో జీఎస్టీ మెలిక ఒకటుంది, చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. రుణం మీద కట్టే వడ్డీకి జీఎస్టీ లేదు. లీజు అద్దె మొత్తానికీ ఉంటుంది, ఆ వస్తువు మీద ఎంత రేటో అంతే. మామూలుగా రిటర్నులు వేసే యూనిట్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, అంటే కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు కాబట్టి పెద్ద భారం కాదు. కానీ చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు క్రెడిట్ లేదు, అదంతా చేతి నుంచే పోతుంది. అంటే మరీ చిన్నవాళ్లకే లీజు ఎక్కువ ఖరీదు పడుతోంది. ఇది సరిచేయాల్సిన అన్యాయం.

ఇంత ఉపయోగం ఉన్నది మన దగ్గర ఎందుకు వేళ్లూనలేదు? దీనికి కథ ఉంది. దేశంలో మొదటి లీజింగ్ కంపెనీ 1973లో మద్రాసులో మొదలైంది. ఎనభైలు, తొంభైలకల్లా చిన్న పట్టణాల్లో కూడా "లీజింగ్ అండ్ ఫైనాన్స్" బోర్డులు వెలిశాయి. వాటిలో చాలా కంపెనీలు ఎక్కువ వడ్డీ ఆశ చూపి జనం దగ్గర డిపాజిట్లు తీసుకున్నాయి. మరికొన్నిటికి లీజు అంటే పన్ను తప్పించుకునే కాగితం: పాత సామాను కొన్నట్టు రాసి, అమ్మినవాళ్లకే తిరిగి అద్దెకిచ్చినట్టు రాసి, తరుగుదల పేరుతో పన్ను తగ్గించుకోవడం. 1997లో ఆర్‌బీఐ చట్టం సవరించి ఇలాంటి కంపెనీలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసేసరికి ఎన్నో బోర్డులు మాయమయ్యాయి, వాటితోపాటు రిటైరైనవాళ్ల పొదుపు, ఆడపిల్లల పెళ్లిళ్లకు దాచిన డబ్బు. లీజింగ్ అన్న మాట వింటే మన పెద్దవాళ్లకు ఇప్పటికీ టెన్షన్ వచ్చేది అందుకే. కానీ ఆ రోజుల్లో మునిగింది ఇళ్లలోని సొమ్ముతో ఆడిన ఆట. షాపులో నిజంగా తిరిగే మెషిన్‌ను అద్దెకివ్వడం కాదు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల అసలు పని మూలన పడింది. 2006లో ఆర్‌బీఐ ఎక్విప్‌మెంట్ లీజింగ్ కంపెనీ అన్న వర్గాన్నే తీసేసి, అలాంటి సంస్థలను అసెట్ ఫైనాన్స్ కంపెనీల్లో కలిపేసింది.

ఇక నన్ను అన్నిటికంటే కలవరపెట్టే విషయం. మన దగ్గర లీజు కాగితం చాలావరకు పొలం కౌలు కాగితంలాగే ఉంటుంది, అందులోని చెడుతో సహా. తుపాను వచ్చి పంట నీళ్లపాలైనా కౌలు రైతు కౌలు కట్టాలి. అలాగే మెషిన్ చెడిపోయి మూలనపడినా, ఆర్డర్లు లేకపోయినా లీజు అద్దె ఆగదని చాలా ఒప్పందాల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. కౌలు రైతు కోసం కనీసం ఉమ్మడి రాష్ట్రంలో 2011లో ఒక చట్టం, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. అవి ఎంత అమలయ్యాయన్నది వేరే చర్చ, సమస్య ఉందని ప్రభుత్వం ఒప్పుకుంది కదా. యంత్రాన్ని కౌలుకు తీసుకున్నవాడికి అదీ లేదు. లీజింగ్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టమే దిక్కు. 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేసి కూడా ఒక్కరోజైనా అమల్లోకి తేలేదు, 2005లో రద్దు చేశారు.

కౌలు ఒక్కటే కాదు, పల్లెల్లో సగపాలు అనే పద్ధతి కూడా ఉంది. పండితే ఇద్దరికీ, పోతే ఇద్దరికీ. యంత్రాల్లో దానికి దగ్గరగా ఉన్నవి మన కళ్లముందే ఉన్నాయి. చిన్న పట్టణాల డయాగ్నొస్టిక్ సెంటర్లలో రక్తపరీక్షల మెషిన్ చాలాచోట్ల ల్యాబ్‌ సొంతం కాదు. కంపెనీ దాన్ని పెట్టి వెళ్తుంది, పరీక్షలకు వాడే రసాయనాలు (రీఏజెంట్లు) తమ దగ్గరే కొనాలని, నెలకు కనీసం ఇన్ని టెస్టులు చేయాలని షరతు పెడుతుంది. జిరాక్స్ షాపుల్లో కాపీకి ఇంత అని లెక్క. అసలు 1959లో జిరాక్స్ కంపెనీ తన 914 మోడల్ కాపీ మెషిన్‌ను జనంలోకి తీసుకెళ్లింది నెల అద్దెకిచ్చి, పరిమితి దాటిన ప్రతి కాపీకి పైసలు వసూలు చేసే పద్ధతిలోనే. అంత ఖరీదైన మెషిన్‌ను కొనే స్తోమత అప్పుడు ఎన్ని ఆఫీసులకు ఉంది?

ఇవాళ కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు తమలో తిరిగే ఇరుసు (స్పిండిల్) ఎన్ని గంటలు తిరిగిందో వాటంతట అవే లెక్క పెడుతున్నాయి. అలాంటప్పుడు కొంత కనీస అద్దె, దానిపైన తిరిగిన గంటకు ఇంత అని ఒప్పందం రాసుకోవడానికి అడ్డేమిటి? పని ఉన్న నెల లీజు కంపెనీకి ఎక్కువ వస్తుంది, లేని నెల మనవాడికి ఊపిరి ఆడుతుంది. నష్టంలో వాటా తీసుకుంటున్నందుకు వాళ్లు రేటు కాస్త ఎక్కువ అడుగుతారు, అడగనీండి. ఐదో తారీఖున అద్దె, తొంభయ్యో రోజున బిల్లు డబ్బు అన్న పరిస్థితి కంటే అది మేలు. చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని 2006 చట్టంలో ఉంది. ఆర్డర్ ఇచ్చే పెద్ద కంపెనీకి కోపం వస్తుందని ఆ చట్టం పేరెత్తే ధైర్యం షెడ్డు ఓనర్‌కు ఉండదు.

అన్నిటికీ లీజే మంచిదని నేను చెప్పడం లేదు. పాత లేత్, డ్రిల్లింగ్ మెషిన్ లాంటివి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కుంటే దశాబ్దాలు పనిచేస్తాయి, వాటికి అద్దె కట్టడం దండగ. త్వరగా పాతబడేవి, ఒక్కసారి కొనాలంటే నడుం విరిగేవి లీజుకు తగినవి: వీఎంసీ, లేజర్ కటింగ్, ల్యాబ్ అనలైజర్లు, కంప్యూటర్లు.

రెండు రాష్ట్రాల పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థలు ఏపీఐఐసీ, టీజీఐఐసీ పారిశ్రామికవాడల్లో స్థలం ఇస్తున్నాయి, రోడ్డు వేస్తున్నాయి. హైదరాబాద్‌లో 2023లో తెరిచిన టీ-వర్క్స్‌లో నమూనా తయారు చేసుకోవడానికి మెషిన్లు వాడుకోవచ్చు. నమూనా అయిపోయాక రోజూ పని చేసుకోవడానికి మెషిన్ ఏది? ఆ పారిశ్రామికవాడల్లోనే లీజు కంపెనీలను కూర్చోబెట్టి, అందరికీ ఒకే నమూనా ఒప్పందం తయారు చేయించడం ప్రభుత్వాలకు పెద్ద ఖర్చు లేని పని. ఆ కాగితం తెలుగులో ఉండాలి. గడువుకు ముందే తిరిగిచ్చేస్తే ఎంత కట్టాలి, చివర్లో కొనుక్కోవాలంటే ఎంత, సర్వీసు ఎవరు చేయించాలి, మెషిన్ పది రోజులు ఆగిపోతే ఆ పది రోజుల అద్దె ఎవరి మీద పడుతుంది అన్నవి మొదటి పేజీలోనే ఉండాలి.